మ్యాప్‌లో ఉన్న నిజాయితీ రాతలోకి కూడా రావాలి

తమ్ముడూ,

నీ జియాలజీ సర్వే రిపోర్టు చదివా. మ్యాప్ బాగుంది, రాత గురించే కాస్త మాట్లాడాలి. రెండు రకాల రాళ్లు కలిసే హద్దుని, అంటే కాంటాక్ట్‌ని, కళ్లారా చూసినచోట నిండు గీత గీశావు, అంచనా కట్టినచోట తెగిన గీత, మట్టి కింద దాక్కున్నచోట చుక్కలు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి, కానీ రాతలోకొచ్చేసరికి ఆ మూడూ కలిసిపోయాయి. "ఇక్కడ ఫాల్ట్ ఉంది" అని, అంటే రాళ్లు పగిలి జరిగిన చీలిక ఉందని, రాసేశావు. చూశావా, లేక లోయ తిన్నగా ఉంది కదా అని అనుకున్నావా? డ్రిల్లింగ్ వాళ్లు ఆ వాక్యం నమ్మి రిగ్ పెట్టేస్తారు, మ్యాప్ మూలన గీతల అర్థం చెప్పే లెజెండ్ చూసేవాళ్లు ఎంతమందిలే.

ఇది ఆఫీసుకొచ్చాక సరిచేసే పని కాదు, రాయి దగ్గరే అయిపోవాలి. నోట్‌బుక్‌లో ముందే "సున్నపురాయి" అని పేరు పెట్టేయకు. బూడిద రంగు, గోటికి గీత పడలేదు, కత్తికి పడింది, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది, ఇవన్నీ రాసి ఆ తర్వాత పేరు రాయి. దానిలాగే కనబడే డోలమైట్ అయితే పొడి చేస్తేగానీ సరిగ్గా పొంగదు కాబట్టి రాయి మీద వేశావా పొడి మీద వేశావా అన్నది కూడా ఉండాలి, రేపు నువ్వు పెట్టిన పేరు తప్పని తేలినా ఆ వివరం ఇంకొకళ్లకి పనికొస్తుంది. స్ట్రైక్ (పొర అడ్డంగా సాగే దిశ) 045, డిప్ (పొర వాలు) 30 డిగ్రీలు అని వదిలేస్తే పొర ఆగ్నేయానికి వాలిందో వాయవ్యానికి వాలిందో ఎవరికి తెలుస్తుంది? వాలిన దిక్కు రాసెయ్. కంపాస్‌లో డిక్లినేషన్, అంటే ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా, సరిచేశావో లేదో కూడా. అన్నట్టు పెన్సిల్ వాడు, వానకి ఇంకు నిలవదు.

ఇక భాష. జియాలజీకి ఆద్యుడు జేమ్స్ హట్టన్ అంతటివాడు 1795లో భూమి గురించిన తన సిద్ధాంతం రెండు సంపుటాలుగా వేస్తే చదవడం జనానికి గగనమైంది. ఆయన 1797లో పోయాడు, స్నేహితుడు జాన్ ప్లేఫెయిర్ 1802లో అదే విషయాన్ని తేటగా తిరగరాశాకే ఎక్కువమందికి ఎక్కింది. ఆ ప్లేఫెయిర్ లెక్కల మాస్టారు, చూడు మరి! అందరికీ అలాంటి స్నేహితుడు దొరకడు, అందుకే డ్రాఫ్ట్‌ని జియాలజీ రాని సివిల్ ఇంజనీరు ఎవరికైనా ఇచ్చి చదివించు, ఎక్కడ ఆగిపోయారో అడుగు, ఎందుకు ఆగారో వాదించకు.

నేలని నిలువుగా కోసినట్టు చూపే క్రాస్ సెక్షన్‌లో నిలువు స్కేలు రెండింతలు సాగదీశావు, డిప్‌లు మాత్రం మామూలుగానే గీశావు. అలా సాగదీస్తే 30 డిగ్రీల పొర 49 డిగ్రీల దగ్గర కనబడాలి. నిలువు, అడ్డం ఒకే స్కేలులో మళ్లీ గీసి పంపు, మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం.