అల్యూమినియం ఛాసిస్‌కి బెడ్డింగ్ అవసరమా?

ప్రశ్న: నాది .308 రెమింగ్టన్ 700 రైఫిల్. చెక్క స్టాక్ తీసి అల్యూమినియం ఛాసిస్ (లోహపు చట్రం) వేశాను. 100 మీటర్ల దగ్గర ఇంతకు ముందు 25 మిల్లీమీటర్ల గ్రూప్ (తూటాలు పడిన చోటు వెడల్పు) వచ్చేది, ఇప్పుడు 40 దాటుతోంది. ఛాసిస్‌కి బెడ్డింగ్ (రైఫిల్ లోహభాగం కూర్చునే చోట ఎపాక్సీ జిగురు పొర వేయడం) అక్కర్లేదని అమ్మినవాళ్లు చెప్పారు. మరి ఎందుకిలా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: వాళ్లు చెప్పింది సగమే నిజం. 700 రిసీవర్ (బ్యారెల్ వెనక బోల్టు కదిలే భాగం) గుండ్రటి గొట్టం. ఛాసిస్‌లోని వి ఆకారపు గాడిలో అది రెండు గీతల మీదే కూర్చుంటుంది. గాడి, రిసీవర్ రెండూ తిన్నగా ఉంటే నిజంగానే ఇంకేమీ అక్కర్లేదు. ఏ ఒక్కటి కాస్త వంకరున్నా స్క్రూ బిగించిన కొద్దీ రిసీవర్ వంగుతుంది. దాంతో బోల్టు లగ్‌లు (బోల్టుని లాక్ చేసే పళ్లు) ఆనే తీరు మారుతుంది, స్కోప్ బేస్ మీదా ఒత్తిడి పడుతుంది. బ్రిటన్‌లో మాల్కమ్ కూపర్ (1984, 1988 ఒలింపిక్స్‌లో త్రీ పొజిషన్ స్వర్ణ విజేత) స్థాపించిన అక్యురసీ ఇంటర్నేషనల్ తన ఏడబ్ల్యూ రైఫిళ్లలో యాక్షన్‌ని (రిసీవర్, బోల్టు కలిసిన యంత్రాంగాన్ని) అల్యూమినియం ఛాసిస్‌కి ఎపాక్సీతో అతికించి, పైగా స్క్రూలతోనూ బిగించింది. లోహం మీద లోహం చాలనుకుంటే ఆ శ్రమ పడేది కాదు.

అలాగని వెంటనే ఎపాక్సీ కలపకండి, ముందు కొలవండి. చాంబర్, మ్యాగజైన్ ఖాళీ చేసి బోల్టు తీసేయండి. డయల్ ఇండికేటర్ (సూక్ష్మ కదలికని ముల్లుతో చూపే పరికరం) అయస్కాంతపు బేస్‌ని బ్యారెల్‌కి పెట్టి, దాని మొనని ఛాసిస్ ముందు భాగానికి ఆనించండి. యాక్షన్‌ని పట్టే రెండు స్క్రూలూ పూర్తి టార్క్‌లో (చెప్పినంత బిగింపులో) ఉండగా ముందుది మెల్లగా వదులు చేస్తూ ముల్లు చూడండి. మళ్లీ బిగించి, ఈసారి వెనకది వదులు చేయండి. కదలిక 0.025 మిల్లీమీటర్ల లోపుంటే మీ జబ్బు బెడ్డింగ్‌ది కాదు. 0.05 దాటితే యాక్షన్ వంగుతున్నట్టే.

ముల్లు కదలకపోతే ఇవి చూడండి. చాలా రైఫిళ్లు ఇక్కడే బాగుపడతాయి. ఛాసిస్ మారినప్పుడు స్క్రూ పొడవూ మారాలి. ముందు స్క్రూ పొడవెక్కువైతే బోల్టు లగ్‌కి తగిలి బోల్టు బిగుసుకుపోతుంది. స్క్రూ బిగిసినట్టే అనిపిస్తుంది గాని యాక్షన్‌ని కిందికి లాగదు. మ్యాగజైన్ పెట్టాక కాస్త ఆడాలి. అది రిసీవర్‌ని పైకి నెడితే గ్రూప్ చెదురుతుంది. ట్రిగ్గర్ గాని, బోల్టు వదిలే మీట గాని ఛాసిస్‌కి రాసుకోకూడదు. బ్యారెల్ కింద మందపాటి కాగితం రీకాయిల్ లగ్ దాకా అడ్డులేకుండా వెళ్లాలి. పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బని (రీకాయిల్) మోసే ఈ లగ్ సంగతి వేరే చెప్పాలి. 700లో అది రిసీవర్‌లో భాగం కాదు, బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య నొక్కి పెట్టిన సుమారు 4.8 మిల్లీమీటర్ల పలక. బ్యారెల్ బిగించేటప్పుడు అది కాస్త తిరిగిపోతే ఒక మూలే ఛాసిస్‌కి ఆనుతుంది. మార్కింగ్ బ్లూ (ఆనిన చోట అంటుకునే నీలి రంగు) పూసి చూస్తే తెలిసిపోతుంది.

బెడ్డింగ్ కావాల్సిందేనని తేలితే పలుచటి పొర చాలు. ముద్దలా నిలబడే ఎపాక్సీ వాడండి: డెవ్‌కాన్ స్టీల్ పుట్టీ, మెరైన్-టెక్స్ లాంటివి. ఆనోడైజ్ చేసిన నున్నటి ఉపరితలాన్ని ఎపాక్సీ పట్టుకోదు. 120 నంబరు ఎమరీతో గరుకు చేసి అసిటోన్‌తో తుడవండి. (వారంటీ పోతుందేమో ముందే చూసుకోండి.) లగ్ ముందు వైపు, పక్కలు, అడుగున ఎలక్ట్రికల్ టేపు ఒక వరస అంటించండి. వెనక ముఖం మీద మాత్రం వద్దు, రీకాయిల్‌ని మోసేది అదే. స్క్రూ రంధ్రాలు, ట్రిగ్గర్ చోటు, ఎపాక్సీ దూరి లాక్ అయ్యే ప్రతి గుంటా మోడలింగ్ క్లేతో నింపండి. రిసీవర్‌కి, లగ్‌కి, స్క్రూ మరలకి కూడా మైనం రెండు పూతలు వేయండి. రంగులేని బూట్ పాలిష్ అయినా పనికొస్తుంది.

రెండు భాగాల నిష్పత్తి తూకం వేసే కలపండి, కంటి లెక్క వద్దు. గాడి గోడలకీ లగ్ వెనకా రాసి యాక్షన్ దించండి. అందరూ తప్పేది ఇక్కడే: స్క్రూలు టార్క్‌కి బిగిస్తారు. అప్పుడు వంగిన రిసీవర్ ఆకారమే ఎపాక్సీలో శాశ్వతంగా గడ్డకడుతుంది. వేళ్లతో ఆనేంత వరకే బిగించాలి. బ్యారెల్ బరువుకి యాక్షన్ ముందుకి వాలకుండా, ఛాసిస్ ముందు కొస దగ్గర బ్యారెల్‌కి టేపు చుట్టి సరైన ఎత్తులో నిలపండి. పైకి వచ్చిన ఎపాక్సీని గట్టిపడక ముందే తుడిచేసి, 24 గంటలు కదపకండి.

తీసేటప్పుడు పక్కలకి ఊపకుండా నిటారుగా పైకి లాగండి. లగ్ టేపు తీసేసి, స్క్రూ రంధ్రాలని కాస్త పెద్ద డ్రిల్‌తో శుభ్రం చేయండి. స్క్రూ రంధ్రపు గోడకి తగిలితే రీకాయిల్‌ని లగ్ బదులు అదే మోస్తుంది. అమర్చేటప్పుడు బ్యారెల్ పైకి ఉండేలా నిలబెట్టి, లగ్ వెనక్కి ఆనేలా యాక్షన్‌ని నొక్కి పట్టండి. ముందు స్క్రూ, తర్వాత వెనకది 20, 40, 65 ఇంచ్-పౌండ్లు అంటూ మూడు విడతల్లో బిగించండి. మీ ఛాసిస్ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించండి. ఇండికేటర్ పరీక్ష మళ్లీ చేసి, ఒకే లాట్ తూటాలతో 5 షాట్ల గ్రూపులు కనీసం నాలుగు కొట్టి చూడండి. 3 షాట్ల గ్రూప్ మనకి నచ్చిందే చెబుతుంది.

ప్రశ్న: 50 మీటర్ల .22 ఆన్షుట్జ్, అల్యూమినియం స్టాక్. దీనికీ ఇదంతా చేయించాలా?
– ఒక షూటర్, హైదరాబాద్

జవాబు: సాధారణంగా అక్కర్లేదు. .22కి రీకాయిల్ తక్కువ కాబట్టి లగ్ సమస్య ఉండదు. కానీ 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లే, స్క్రూ టార్క్ తేడా కనబడుతుంది. తయారీదారు చెప్పిన హద్దు లోపల అర న్యూటన్-మీటరు చొప్పున మారుస్తూ, ఒకే బ్యాచ్ తూటాలతో 10 షాట్ల గ్రూపులు చూసి స్థిరపడండి. బ్యాచ్ మారితే మళ్లీ పరీక్షించాలి. ఎపాక్సీ దాకా వస్తే లైసెన్సున్న ఆర్మరర్‌కే (తుపాకులు బాగుచేసేవాడికే) ఇవ్వండి. ఆయుధాల మరమ్మతుకి 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి.

ప్రశ్న: మైనం సరిగా పూయలేదు, యాక్షన్ ఛాసిస్‌లోనే అతుక్కుపోయింది!
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: సందులో స్క్రూడ్రైవర్ లాంటిది పెట్టి పెకలించకండి, గాడి అంచులు చెడతాయి. స్క్రూలు రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తలకి కాసేపు ఆనించి వేడెక్కాక తిప్పండి; వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది. తర్వాత మొత్తాన్ని ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తీసిన వెంటనే ఛాసిస్‌ని గట్టిగా పట్టుకుని బ్యారెల్ అడుగు నుంచి రబ్బరు సుత్తితో పైకి తట్టండి. ఊడి వచ్చిన యాక్షన్ మీద చెమ్మ పట్టి తుప్పు వస్తుంది, కాబట్టి వెంటనే ఆరబెట్టి నూనె రాయండి.