‘కౌంట్ కరెక్ట్’ అని రాసిన చేతికి చదువు లేకపోతే?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నిరుడు మా జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీసేశారు. 85 వేల రూపాయలు కట్టాం. ఇంటికి వచ్చాక కడుపునొప్పి, సన్నజ్వరం తగ్గలేదు. మూడుసార్లు తీసుకెళ్తే గ్యాస్ అని మందులిచ్చి పంపారు. నాలుగు నెలల తర్వాత హైదరాబాదులో స్కానింగ్ చేయిస్తే కడుపులో గుడ్డ ఉండిపోయిందని తేలింది. మళ్లీ ఆపరేషన్ చేసి తీశారు. అది జరిగి పది నెలలైంది. పాత ఆసుపత్రి కాగితాల్లో ‘మాప్ కౌంట్ కరెక్ట్’ (రక్తం అద్దే గుడ్డల లెక్క సరిపోయింది) అని ఓ.టి. (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ సంతకం ఉంది. విచారిస్తే, అతను ఇంటర్ తప్పి ఎనిమిదేళ్ల కిందట వార్డుబాయ్‌గా చేరి, చూస్తూ చూస్తూ ఆ పని నేర్చుకున్నాడని తెలిసింది. డాక్టరుగారేమో ‘ఆపరేషన్ చేసింది నేను, అతను సామాను అందిస్తాడంతే, దానికి చదువెందుకు?’ అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు, అమెరికాలో అయితే సర్టిఫికెట్ లేనివాణ్ని ఆపరేషన్ గదిలోకే రానివ్వరని, వెంటనే అతని మీద పోలీసు కేసు పెట్టాలని పట్టుబడుతున్నాడు. మన చట్టం ఏమంటోంది? మేం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: డాక్టరుగారి మాటతోనే మొదలుపెడదామమ్మా. ‘సామాను అందిస్తాడంతే’ అన్నారు. మీరు పంపిన కాగితంలో ఆ అబ్బాయి అందించడం కాదు, లెక్కపెట్టాడు. పొట్ట కోసే ముందు ఎన్ని మాప్‌లు, ఎన్ని సూదులు, ఎన్ని కత్తెరలు బల్లమీద ఉన్నాయి, కుట్లు వేయడానికి ముందు ఎన్ని తిరిగి వచ్చాయి అన్నది చూసుకుని, ఒక్కటి తగ్గినా ‘ఆగండి సార్’ అని సర్జన్‌ను ఆపవలసిన మనిషి అతను. రక్తంలో తడిసి ముద్దయిన మాప్ పేగుల మధ్య పేగులాగే కనిపిస్తుంది. కంటికి దొరకనిదాన్ని పట్టుకునేది లెక్క ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో 19 అంశాలుంటే, రోగిని ఆపరేషన్ గది నుంచి బయటికి తీసుకెళ్లే ముందు ఈ లెక్క సరిపోయిందని పైకి చెప్పి నిర్ధారించుకోవడం వాటిలో ఒకటి. కాబట్టి అది చదువు అక్కర్లేని పని అన్న మాటను పక్కన పెట్టేయండి.

ఆ కాగితంలో మరొకటి గమనించాను. ‘కరెక్ట్’ అని ఉంది కానీ అంకెలు లేవు. మొదట పది తీశారా, పదిహేను తీశారా? మధ్యలో అదనంగా కట్ట విప్పారా? ఏమీ లేదు. రెండో మనిషి సంతకం ఉండవలసిన గడి ఖాళీగా ఉంది. నిజానికి ఈ లెక్కను ఇద్దరు కలిసి, పైకి చదువుతూ చేయాలి. చేతులు కడుక్కుని గౌను వేసుకుని సర్జన్ పక్కన నిలబడినవారు ఒకరు, బయట తిరుగుతూ సామాను తెచ్చిచ్చేవారు మరొకరు. నా దృష్టిలో మీ కేసుకు ఆ ఖాళీ గడి విలువ, ఆ అబ్బాయి ఇంటర్ తప్పడం కన్నా ఎక్కువ.

ఇక చదువు సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ పారామెడికల్ బోర్డులున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే దీనికి చట్టం వచ్చింది. స్టెరిలైజేషన్, ఆపరేషన్ థియేటర్ పనికి ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా ఉంది. మత్తు విభాగానికి వేరే డిప్లొమా ఉంది. ఆరోగ్య విశ్వవిద్యాలయాల కింద బి.ఎస్‌సి. కోర్సులూ నడుస్తున్నాయి. వీటన్నిటి మీదికి 2021లో పార్లమెంటు ‘నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్’ చట్టం చేసింది. దాని షెడ్యూలులో ఓ.టి. టెక్నాలజిస్టు, మత్తు సహాయకుడు, ఎండోస్కోపీ టెక్నాలజిస్టు పేరుపేరునా ఉన్నారు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2,000 గంటల శిక్షణతో డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలని ఆ చట్టం నిర్వచనం. రాష్ట్రాలు దీన్ని అటకెక్కించి కూర్చుంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టి అమలు చేయమనవలసి వచ్చింది.

ఇక్కడ అవతలి వకీలు ఏమంటాడో ఇప్పుడే చెప్పగలను: ‘రెండు వేల గంటలేమిటి, మా వాడు ఎనిమిదేళ్లలో ఇరవై వేల గంటలు ఆపరేషన్ గదిలోనే గడిపాడు’. వినడానికి బాగానే ఉంటుంది. చట్టం అడిగినది గడిపిన గంటలు కాదు, ఒకరు నేర్పి, మరొకరు పరీక్షించి, ఇంకొకరు ముద్ర వేసిన గంటలు. ఎనిమిదేళ్లుగా అంకెలు వేయకుండా ‘కరెక్ట్’ అని రాయడం అలవాటైతే, ఆ అనుభవం తప్పును ముదరబెడుతుందే తప్ప దిద్దదు.

ఒక జాగ్రత్త. ఆపరేషన్ గదిలో ఈ పనిని రిజిస్టర్ అయిన స్టాఫ్ నర్సులు కూడా చేస్తారు. చాలా ఆసుపత్రుల్లో చేసేది వాళ్లే, అందులో తప్పేమీ లేదు. ‘లెక్క చూసింది మా నర్సమ్మ, అబ్బాయి సంతకం మాత్రం పెట్టాడు’ అని రేపు వాదన రావచ్చు. ఆ నర్సు పేరు ఆనాటి కాగితాల్లో ఎక్కడైనా ఉందా అన్నదే అప్పుడు ప్రశ్న. అలాగే హఠాత్తుగా ఒక ‘ఆరు నెలల ఓ.టి. కోర్సు’ సర్టిఫికెట్ పుట్టుకొచ్చినా ఆశ్చర్యపోకండి. సందుకొక సంస్థ అలాంటివి ఇస్తోంది. బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరుంటే బోర్డు నిజమో కాదో చెబుతుంది.

ఇంత చెప్పాక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ‘చదువు లేనివాణ్ని పెట్టుకున్నారు’ అన్నదాని మీద కేసు నిలబెట్టకండి. గుడ్డ మీద నిలబెట్టండి. డిప్లొమా లేదన్నంత మాత్రాన మీ అమ్మగారికి నష్టం జరిగినట్టు కాదు. ఆ లోపానికీ ఆమె పడ్డ బాధకూ లంకె చూపించాలి. గుడ్డ సంగతి అలా కాదు, అది తనంతట తానే మాట్లాడుతుంది. 1963లో ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగిన ఒక తల్లి కడుపులో తువ్వాలు వదిలేశారు. ఆమె చనిపోయింది. అచ్యుతరావు ఖోడ్వా కేసుగా 1996లో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. అలాంటి వస్తువు కడుపులో దొరికాక నిర్లక్ష్యం లేదని నిరూపించుకోవలసింది అవతలివారే అన్నది దాని సారం. ఆ కుటుంబం 33 ఏళ్లు ఆగింది, అది వేరే దుఃఖం.

మరి టెక్నీషియన్ చదువు ఎందుకు పనికొస్తుంది? ఆసుపత్రి ‘మానవ సహజమైన పొరపాటు’ అని తప్పుకోబోయినప్పుడు. పొరపాటు ఒకరోజు జరిగేది, అర్హత లేని మనిషిని ఎనిమిదేళ్లు ఆ బల్ల దగ్గర నిలబెట్టడం తెలిసి చేసినది. స్ప్రింగ్ మెడోస్ కేసు (1998) మీకు దగ్గరి చుట్టం. ఢిల్లీలో ఒక పసివాడికి ఇవ్వకూడని ఇంజెక్షన్ నరంలోకి ఇచ్చింది ఏ నర్సింగ్ కౌన్సిల్‌లోనూ నమోదు కాని నర్సు. సుప్రీంకోర్టు ఆమెను ఒంటరిగా బోనెక్కించి ఊరుకోలేదు. పని ఆమెకు వదిలేసిన డాక్టరునూ, ఆసుపత్రినీ బాధ్యుల్ని చేసింది. పిల్లవాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రుల మనోవేదనకు విడిగా 5 లక్షలు ఇచ్చిన తీర్పును నిలబెట్టింది. సవితా గార్గ్ కేసు (2004) ఇంకో మేలు చేసింది. ఆ రోజు ఆపరేషన్ గదిలో ఎవరెవరున్నారో మీరు పేర్లతో సహా వెతికి పట్టుకురానక్కర్లేదు. ఆసుపత్రిని పార్టీగా చేర్చితే చాలు, లోపల ఎవరేం చేశారో చెప్పుకునే బాధ్యత దానిది.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. అమెరికాలో సర్జికల్ టెక్నాలజిస్టులకు దేశమంతటికీ ఒకే చట్టం లేదు. కొన్ని రాష్ట్రాలే సర్టిఫికెట్ తప్పనిసరి చేశాయి. ఆయన ఉన్న టెక్సాస్ అందులో ఒకటి. 2009 నాటి చట్టంతో చేసింది, అదీ అప్పటికే పనిలో ఉన్నవారికి మినహాయింపు ఇచ్చి. ‘లోపలికే రానివ్వరు’ అన్నది కొంత నిజం, కొంత దూరపు కొండల నునుపు.

పోలీసు కేసు పెట్టవచ్చు. ప్రాణాపాయం కలిగించే నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను ఉంది. గాయం తీవ్రమైనదైతే మూడేళ్ల వరకు జైలు. కానీ అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించండి. డాక్టరు విషయంలో జేకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం ముందు మరో నిపుణుడైన డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. వార్డుబాయ్ పక్కన అలాంటి గోడ లేదు. కొత్త సంహితలో మరీ విడ్డూరం: నిర్లక్ష్యం వల్ల రోగి చనిపోతే రిజిస్టర్డ్ డాక్టరుకు గరిష్ఠంగా రెండేళ్లు, మిగిలినవారికి ఐదేళ్లు. అదే గది, అదే బల్ల! ఆ గదిలో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషిని జైలుకు పంపించి, అతన్ని అక్కడ నిలబెట్టినవారు ‘అతన్ని తీసేశాం’ అని చేతులు దులుపుకోవడం నేను చూశాను. మీరు ఆ అబ్బాయిని సాక్షిగా ఊహించుకోండి. ‘మీకు ఎవరు నేర్పారు? ఆ రోజు అంకెలు ఎందుకు రాయలేదు?’ అన్న రెండు ప్రశ్నలకు అతను నిజం చెబితే మీ కేసు సగం అయిపోతుంది.

కనుక దారి వినియోగదారుల కమిషన్. మీరు కట్టినది 50 లక్షల లోపు కనుక జిల్లా కమిషన్ చాలు. ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు కూడా లేదు. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. నిపుణుడి సాక్ష్యం లేకపోతే కేసు నడవదని ఎవరైనా బెదిరిస్తే, మన హైదరాబాదు నుంచే వెళ్లిన వి. కిషన్ రావు కేసులో (2010) ప్రతి కేసుకూ నిపుణుడు అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేయండి.

గడువు రెండేళ్లు, ఇక్కడే పట్టు ఉంది. ఎప్పటి నుంచి? లోపల దాగిన తప్పు బయటపడిన రోజు నుంచి లెక్క వేయవచ్చని శ్రీఖండే కేసులో కోర్టు ఒప్పుకుంది. అయినా ఆ కేసులో రోగి ఓడిపోయింది. ఆమె స్వయానా నర్సు. 1993లో ఆపరేషన్ అయిన దగ్గర నుంచీ నొప్పి ఉన్నా ఆ డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లలేదని, దాదాపు తొమ్మిదేళ్లు ఊరుకుందని కోర్టు తప్పుపట్టింది. మీరు మూడుసార్లు వెళ్లారు. ఆ మూడు చీటీలు, మందుల బిల్లులు బంగారంలా దాచండి. అయినా రెండో ఆపరేషన్ తేదీని నమ్ముకుని కూర్చోవద్దు. మొదటి ఆపరేషన్ నుంచి లెక్క వేసినా మీకు ఇంకా పది నెలలున్నాయి. ఆ లోపే వేసేస్తే ఈ వాదనే పుట్టదు.

ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో ఆసుపత్రికి రాయండి: కేసు షీటు, ఓ.టి. నోట్సు, మత్తు చార్టు, కౌంట్ షీటు, భద్రతా పట్టిక అన్నిటి నకళ్లు కావాలని. వైద్యుల నియమావళి (2002) ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ నిరాకరణే మీకు సాక్ష్యం. ఉద్యోగి సర్టిఫికెట్లు మీకు నేరుగా ఇవ్వరు. వాటిని కమిషనే తెప్పించగలదు, దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. మరో పక్క నుంచి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయానికి సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కోసం సిబ్బంది గురించి ఏం రాసిచ్చిందో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు 2002 నాటి రాష్ట్ర చట్టం, తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టం వర్తిస్తాయి. ‘వ్యక్తిగత సమాచారం’ అని తిప్పికొట్టవచ్చు, అందుకని పేర్లు అడగకుండా ఏ పనికి ఎందరు, వారి అర్హతలేమిటి అని మాత్రమే రాయండి.

చివరిగా, హైదరాబాదు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలో ‘గాసిపిబోమా’ అని రాశారు. మీరు దాన్ని ఏదో కణితి పేరనుకున్నారని మీ ఉత్తరం చివర కనిపించింది. కణితి కాదమ్మా, లోపల మరిచిపోయిన గుడ్డకు వైద్యులు పెట్టుకున్న పేరే అది. లాటిన్ భాషలో పత్తికి గాసిపియం అంటారు. ఆ ఒక్క పదం మీ కేసులో పెద్ద సాక్ష్యం. తీసిన గుడ్డను ఆసుపత్రి ఎప్పుడో వ్యర్థాల్లో కలిపేసి ఉంటుంది కాబట్టి, పాథాలజీ నివేదిక, స్కానింగ్ ఫిల్ములు అడిగి తెచ్చుకోండి. ఆ రోజు ట్రేలో పెట్టి చూపిస్తే మీ నాన్నగారు ఫోనులో ఫోటో తీశారన్నారు కదా. ఆ ఫోను అమ్మేయకండి, పిల్లలకు ఇవ్వకండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను కింద ఆ ఫోటోకు ఒక ధ్రువపత్రం జతచేయాలి, దాని మీద ఆయనతోపాటు ఒక నిపుణుడు కూడా సంతకం చేయాలి.