సిగ్నల్ పోయినా దారి పోకూడదంటే

ప్రశ్న: వచ్చే నెల ఒక్కదాన్నే కారేసుకుని నాలుగు రోజుల ట్రిప్‌కి వెళ్దామనుకుంటున్నానండి. డ్రైవింగ్ బానే వచ్చు కానీ దారులు అస్సలు గుర్తుండవు, ఇన్నేళ్లూ ఫోన్లో మ్యాప్ ఎటు చెప్తే అటు తిరిగాను. ఇంట్లో వాళ్లేమో మధ్యలో సిగ్నల్ పోతే ఏం చేస్తావని ఒకటే భయపెడుతున్నారు. అన్నయ్య దగ్గర ఎప్పుడో కొన్న పాత జీపీఎస్ డివైస్ ఉంది, అది కూడా పట్టుకెళ్తే సరిపోతుందా? అసలు వీటిని ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: ఫోన్ నెట్‌వర్క్ సిగ్నల్ పోతే జీపీఎస్ పోదండి, చాలామంది పొరబడేది ఇక్కడే. పైన సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్లు సిగ్నల్ పంపుతుంటాయి, మన ఫోన్ రేడియోలాగా దాన్ని వింటుందంతే, కనీసం 4 శాటిలైట్లు అందితే మీరెక్కడున్నారో లెక్క కట్టేస్తుంది. దానికి డేటాతో పని లేదు. పోయేది మ్యాప్ బొమ్మ! ఖాళీ స్క్రీన్ మీద చుక్క మాత్రం మీతో పాటు కదుల్తూనే ఉంటుంది, కింద రోడ్డు కనపడదు. అందుకే బయల్దేరే ముందే వైఫైలో ఆ ఏరియా మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, మీరెళ్లే దారి ఒక్కటే కాకుండా దానికి అటూ ఇటూ బాగా వెడల్పుగా, ఎందుకంటే దారి తప్పేది ఆ అంచుల్లోకే కదా. డౌన్‌లోడ్ అయ్యాక ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రూట్ వస్తుందో లేదో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. డేటా లేనప్పుడు ట్రాఫిక్ సంగతి, ముందు రోడ్డు మూసేసిన సంగతి తెలీవు, చుక్క దొరకడం కూడా కాస్త లేటవుతుంది, కంగారు పడకుండా చెట్లూ బిల్డింగులూ లేని చోట ఆపి కొద్దిసేపు ఆగండి.

అన్నయ్య గారి డివైస్ సంగతి. మ్యాప్ అప్‌డేట్ అవుతుందా లేదా చూడండి ముందు, అవ్వకపోతే దాన్ని ఇంట్లోనే ఉంచేయండి. కొత్త బైపాస్‌లు, వన్‌వేలు దానికి తెలీవు. ఇంకోటి, జీపీఎస్ తేదీని వారాల్లో లెక్కేస్తుంది, 1024 వారాలు నిండగానే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, 2019 ఏప్రిల్ 6న అలా మారినప్పుడు అప్‌డేట్ లేని కొన్ని పాత డివైస్‌లు తేదీ తప్పు చూపించాయి. అప్‌డేట్ అయితే మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, ఫోన్ వేడెక్కి ఛార్జింగ్ ఎక్కనప్పుడు అదే ఆదుకుంటుంది.

ఇక ఎంతవరకు నమ్మొచ్చని అడిగారు. మీరెక్కడున్నారు అన్నది నమ్మండి, ఎటెళ్లాలి అన్నది మాత్రం మీరు కూడా ఆలోచించాలి. మ్యాప్ మామూలుగా టైమ్ తక్కువ పట్టే దారి వెతుకుతుంది, మీరు ఒంటరిగా ఉన్నారని, చీకటి పడిందని, మీ కారు ఎత్తు తక్కువని దానికి తెలీదు. నేనొకసారి సాయంత్రం పూట ఏదో కొన్ని నిమిషాలు కలిసొస్తాయని అది చూపించిన చిన్న రోడ్డు పట్టుకున్నాను, తారు పోయి మట్టొచ్చింది, మట్టి పోయి బురదొచ్చింది, బండి తిప్పుకునే చోటు లేదు, అది మాత్రం తిన్నగా వెళ్లు తిన్నగా వెళ్లు అంటూనే ఉంది, చివరికి ఆ చీకట్లో మెయిన్ రోడ్డు దాకా రివర్స్‌లోనే వచ్చాను. ఆ రోజు చేతులు ఎంత వణికాయో నాకింకా గుర్తే. అమెరికాలో డెత్ వ్యాలీ నేషనల్ పార్క్ వాళ్లు జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకుని రావద్దని హెచ్చరిస్తారంటే ఊరికే కాదు. రోడ్డు పాడవుతోంది అనిపించిన మొదటి నిమిషంలోనే వెనక్కి తిరిగేయండి, ఇంకాస్త దూరం చూద్దాం అనుకోవద్దు.

దారులు గుర్తుండకపోవడం మీ లోపం కాదండి. 2017లో లండన్ పరిశోధకులు గమనించింది ఏంటంటే, సొంతంగా దారి వెతుక్కునేటప్పుడు మెదడులో చురుగ్గా పనిచేసే భాగాలు, జీపీఎస్ చెప్పినట్టు వెళ్తున్నప్పుడు అంతగా స్పందించలేదట. కాబట్టి ముందు రోజు రాత్రి మ్యాప్‌ని బాగా జూమ్ అవుట్ చేసి, వరసగా వచ్చే ఊళ్ల పేర్లు, రోడ్డు నంబర్లు, మధ్య దూరాలు ఒక కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. మలుపులు రాయక్కర్లేదు, అవి అది చెప్తుంది. తర్వాత రావాల్సిన ఊరు మీకు తెలిస్తే, బోర్డు మీద ఆ పేరు లేని వైపు అది తిరగమన్నప్పుడు మీకే అనుమానం వస్తుంది. అదే కాగితం ఫొటో ఇంట్లో వాళ్లకి పంపి, ఏ ఊర్లో ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పండి, వాళ్ల భయం కూడా కాస్త తగ్గుతుంది.

బండి నడుపుతూ స్క్రీన్ ముట్టుకోవద్దు. గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్‌లో రెండు సెకన్లు చూపు తిప్పితే 55 మీటర్లు చూడకుండా వెళ్లిపోయినట్టే, పక్కన చూసి చెప్పేవాళ్లు కూడా లేరు మీకు. వాయిస్ గట్టిగా పెట్టుకోండి, మలుపు దాటిపోతే పోనివ్వండి, సడన్ బ్రేక్ వెయ్యొద్దు, అదే ఇంకో దారి వెతుకుతుంది.

ప్రశ్న: పొడుగు టన్నెల్‌లో బాణం గుర్తు ఆగిపోతోంది, ఫోన్ పాడైందా?

జవాబు: లేదండి, కొండ కింద శాటిలైట్ సిగ్నల్ అందదు. బయటికొచ్చాక కొన్ని సెకన్లలో సర్దుకుంటుంది. టన్నెల్ దాటగానే మలుపుంటే మాత్రం లోపలికి వెళ్లేముందే ఎటు తిరగాలో విని పెట్టుకోండి.