స్టార్ల కంటే ముందు యూనిట్లు చూడండి

కూకట్‌పల్లిలో నలుగురున్న ఇంటికి 3 స్టార్ ఫ్రిజ్ తీసుకోవాలా, 5 స్టారా అని అడిగారు కదండీ. లేబుల్ మీద స్టార్లతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో కూడా రాసి ఉంటుంది. అసలు చూడాల్సింది అదే. ఒకదానిపై 180, ఇంకోదానిపై 250 ఉంటే పదేళ్లకు 700 యూనిట్ల తేడా. దాన్ని మీ బిల్లులోని యూనిట్ రేటుతో గుణించి, ధరలో తేడాతో పోల్చండి. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడండి. ప్రమాణాలు మారుతుంటాయి, పాత 5 స్టార్‌కి కొత్త 5 స్టార్‌కి పోలిక లేదు.

మీకు 250 లీటర్లు సరిపోతుంది. మేము మొదట్లో గోడకు ఆనించి పెట్టాం. ఏప్రిల్‌లో పక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేవి. మోటార్ ఆగకుండా తిరుగుతూనే ఉండేది. బెత్తెడు ముందుకు జరిపాకే అది మధ్యమధ్యలో ఆగడం మొదలైంది. ఆ ఖాళీ తప్పకుండా వదలండి.