ఊరి ప్రభుత్వ బడిలో అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లు ఎందుకుంటారు? పాత చట్టాలకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఇలాంటి ప్రశ్నలకు చాలామంది మనకు ఇంగ్లీషు చదువు తెచ్చిన బ్రిటిష్ అధికారి మెకాలేని ముందుకు తెస్తారు. ఇంగ్లీషు మీడియం గొడవకు ఆయన కావాలేమో గానీ, టీచర్ల కొరత సంగతి తెలియాలంటే గోఖలే బిల్లు చూడాలి.

1911 మార్చిలో కాంగ్రెస్ నాయకుడు గోపాలకృష్ణ గోఖలే ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో (అప్పటి బ్రిటిష్ ఇండియా కేంద్ర శాసనమండలి) నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెట్టారు. ఆయన అడిగింది చాలా కొంచెం. ముందుగా 6 నుంచి 10 ఏళ్ల మగపిల్లలకే. అదీ అప్పటికే నిర్ణీత శాతం పిల్లలు బడికి వెళ్తున్న చోట, మునిసిపాలిటీయో జిల్లా బోర్డో కోరుకుంటే, పైవాళ్లు ఒప్పుకుంటే. నెలకు 10 రూపాయల లోపు ఆదాయమున్న ఇళ్లకు ఫీజు ఉండదు. ఖర్చులో రెండు వంతులు ప్రభుత్వం, ఒక వంతు స్థానిక సంస్థ పెట్టుకోవాలి. బరోడా సంస్థానం 1906 నాటికే రాజ్యమంతటా నిర్బంధ విద్య తెచ్చింది కాబట్టి ఇది జరగని పనేమీ కాదు. అయినా జనం అడగట్లేదన్నారు, డబ్బు లేదన్నారు. 1912 మార్చిలో ఓటింగు పెడితే 13 మంది అవునంటే 38 మంది కాదన్నారు.

బిల్లు పోయింది గానీ అందులోని ‘స్థానిక సంస్థ కోరుకుంటే’ అనే పద్ధతి మిగిలింది. 1918 బొంబాయి చట్టం, 1920 మద్రాసు చట్టం ఆ దారిలోనే నడిచాయి. ప్రభుత్వ ఖజానాను మాత్రం ఎవరూ నిర్బంధించలేదు. 1921లో విద్యాశాఖ మన మంత్రుల చేతికొచ్చినా ఆర్థికశాఖ రాలేదు. రాజ్యాంగం 45వ అధికరణ 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వడానికి పదేళ్ల గడువు పెట్టింది, కానీ అది ఆదేశిక సూత్రం, కోర్టుకెక్కడానికి పనికిరాదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పుతో గానీ 14 ఏళ్ల వరకు చదువు హక్కు కాలేదు. విచిత్రమేమిటంటే ఆ కేసు మొదలైంది ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ఫీజుల మీద.

2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ అసలైన మలుపు. నిర్బంధం ప్రభుత్వం మీదేనని అందులో ఉంది. అయితే బడికి ఎంతమంది టీచర్లుండాలో చెప్పే షెడ్యూల్ దగ్గర మళ్లీ పిసినారితనమే. పిల్లలు 60 వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు. అంటే 121 మంది ఉంటే తప్ప తరగతికొక టీచర్ రాడు. ‘కనీసం ఇద్దరు’ అన్నది ప్రాథమిక బడులకు కనీస వసతుల కోసం కేంద్రం 1987లో తెచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం నాటి లెక్క. ఏకోపాధ్యాయ బడులకు అప్పుడది మేలే చేసింది, ఇప్పుడు అదే దాటరాని గీత అయి కూర్చుంది.

లెక్క వేయండి. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 గంటల బోధన, అంటే రోజుకు 240 నిమిషాలు. ఇద్దరివీ కలిపి 480. అయిదు తరగతులకు పంచితే ఒక్కోదానికి 96 నిమిషాలు. ఒకరు సెలవు పెడితే 48. ఇది చూసి తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటుకు మారుస్తారు. ముగ్గురు టీచర్లున్న బడిలోనూ సంఖ్య 61 కంటే తగ్గితే మూడో పోస్టు పోతుంది. మళ్లీ ఇంకొందరు వెళ్లిపోతారు.

పిల్లలకు చదవడం రాకపోతే తప్పంతా ‘ఫెయిల్ చేయకూడదు’ అన్న నిబంధనదే అనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వెనకబడి చేరిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెప్తోంది. దాన్ని వదిలేసి ఆ నిబంధనను నిందిస్తే ఏం లాభం?

మీ బడిలో టీచరు పోస్టు ఖాళీ ఉంటే ముందు బడి యాజమాన్య కమిటీని కదిలించండి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. 22వ సెక్షన్ కింద రాసే అభివృద్ధి ప్రణాళికలో తరగతివారీ పిల్లల సంఖ్య, కావలసిన టీచర్లు కచ్చితంగా రాయించండి, నోటిమాట లెక్కలోకి రాదు. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదన్న 26వ సెక్షన్ కూడా చూపించండి. అప్పటికీ కదలకపోతే 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.