పది రోజులకే ఆగిపోయిన నోటుబుక్కు

ప్రశ్న: మాది చండూరు దగ్గర పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట. నిరుడు ఒక బోరు ఎండింది, ఈసారి కత్తెర కాపుకు ధర రాలేదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే పోయినవన్నీ వరుసగా యాదికొస్తాయి, ఇక నిద్ర ఉండదు. రోజూ మూడు మంచి సంగతులు రాసుకొమ్మని ఎవరో చెబితే పది రోజులు రాశాను. రోజూ అవే: ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం. విసుగొచ్చి ఆపేశాను. ఇన్ని ఉండి కూడా ఏడుస్తున్నానే అని ఇంకో బాధ పట్టుకుంది.
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: లోపం మీలో లేదమ్మా, రాసిన తీరులో ఉంది. ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం అన్నవి గంపగుత్త మాటలు. మనసు వాటి మీద నిలవదు. నష్టం మాత్రం అట్లా గుర్తుకు రాదు కదా! దళారి తరుగు ఎంత తీశాడో, టన్నుకు ఎంత పోయిందో రూపాయలతో సహా గుర్తుంటుంది. పాము కనబడ్డ గట్టు జీవితాంతం యాదికుంటుంది, రోజూ క్షేమంగా దాటిన గట్లు ఉండవు. మెదడు పనితీరే అంత. మంచిని కూడా అంతే వివరంగా రాస్తే తప్ప తూకం సరిపోదు.

రోజూ రాయకండి. వారానికి ఒకసారి, పది నిమిషాలు చాలు. అమెరికా మనస్తత్వవేత్త సోంజా ల్యుబోమిర్‌స్కీ బృందం గమనించినప్పుడు వారానికొకసారి రాసినవాళ్లకు మేలు కనబడింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనబడలేదు. మరో మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో రోజూ రాయించారు గానీ, అది ఒక్క వారమే. పైగా ప్రతి మంచి పక్కన ‘ఇది ఎందుకు జరిగింది’ అని కారణం కూడా రాయించారు. చాలామంది వదిలేసేది ఆ కారణాన్నే.

‘తోటకు నీళ్లు అందాయి’ అని రాస్తే రేపటికి చప్పబడుతుంది. ఇట్లా రాయండి: ‘మంగళవారం మోటరు కాలింది. పక్క చేను ఆయన అడగకముందే తన బోరు పైపు మా పాదుల వైపు తిప్పాడు. రెండు గంటలు పారింది. ఎందుకు? వాళ్ల పాప పెళ్లికి మేం రెండు రోజులు వంట కాడ నిలబడ్డాం.’ ఇలాంటివి మూడు. రాసింది మళ్లీ రాయొద్దు. మూడోది దొరక్కపోతే రెండుతో ఆపేయండి, బలవంతాన పుట్టించొద్దు.

ఏదీ తట్టని వారం తీసివేత లెక్క చేయండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయిన మనుషులను చూసే ఉంటారు. నల్లాలో కృష్ణా నీళ్లు రాకపోతే ఇవాళ పొద్దున మీ ఇంట్లో ఏం జరిగేది? బిందె ఎవరు మోసేవారు, ఎంత దూరం? ఐదు వరుసలు రాయండి. ఉన్నదాన్ని తలచుకోవడం కంటే అది లేకుండా ఊహించుకోవడమే మనసును ఎక్కువ తేలికపరచిందని 2008లో ఒక పరిశోధన వచ్చింది.

రాత్రి మూడింటికి మాత్రం ఈ పుస్తకం తీయకండి. ఆ వేళ ఆలోచనను తరమబోతే ఇంకా మీద పడుతుంది. దానికి పగలే ఒక వేళ కేటాయించండి: సాయంత్రం 20 నిమిషాలు, రోజూ ఒకే చోట, మంచం మీద మాత్రం కాదు. కాగితం మధ్య నిలువుగీత గీసి ఎడమవైపు బాధ, కుడివైపు రేపు చేయగల పని రాయండి. ‘బోరు ఎండింది’ ఎదురుగా ‘తడి ఆరకుండా పాదుల్లో వరిగడ్డి పరచాలి’. ఎదురుగా ఏమీ తోచని బాధకు సున్న చుట్టి వదిలేయండి. రాత్రి అదే ఆలోచన వస్తే ‘సాయంత్రం చూద్దాం’ అనుకోండి. 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వసారాలో కూర్చోండి. ఫోన్లో మార్కెట్ రేట్లు చూశారో, తెల్లారినట్టే. మొదటి నాలుగైదు రోజులు ఇదంతా పనిచేయనట్టే అనిపిస్తుంది, రెండు వారాలు చూడండి.

ఇక ఆ రెండో బాధ సంగతి. ధర రానందుకు ఏడ్చినంత మాత్రాన పిల్లల మీద ప్రేమ లేనట్టు కాదు.

ప్రశ్న: ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ పైసలు సరిగా ఇస్తలేరు. అడిగితే ‘బొంబాయి పోయే బాధ తప్పింది, దానికి సంతోషపడు’ అంటున్నారు. తృప్తి అంటే ఇదేనా?
– జడ్చర్ల పాఠకుడు

జవాబు: కాదు. వలస తప్పడం మీకు ఊరటే కావచ్చు, కానీ ఆ ఊరట మీది, యాజమాన్యం ఖాతాలో జమ కాదు. ఓవర్‌టైమ్‌కు మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము రోజూ తేదీ వేసి రాసిపెట్టండి. కార్మిక శాఖ కార్యాలయానికి పోవాల్సి వస్తే మొదట అడిగేవి ఇవే. షిఫ్టులో మీకు తోడు నిలిచినవాళ్ల సంగతులు కావాలంటే అదే డైరీ వెనక పేజీల్లో రాసుకోండి.

ప్రశ్న: మా నాయన మూడు వారాలుగా ఎవరితో మాట్లాడడం లేదు, తిండి సగానికి తగ్గింది. ‘నేనుండి ఏం లాభం’ అంటున్నాడు. ఆయనతో కూడా మంచి సంగతులు రాయించాలా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: వద్దు. రాయలేకపోతే ‘ఇది కూడా చేతకాలేదు’ అన్న మాట ఇంకోటి చేరుతుంది. రెండు వారాలు దాటిన దిగులు, తిండి తగ్గడం, ఆ మాట, ఇవన్నీ డిప్రెషన్ వైపే చూపుతున్నాయి. దానికి మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి. ఇవాళే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వీలైనంత త్వరగా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోండి. ‘చావాలనిపిస్తోందా నాయనా?’ అని నేరుగా అడగొచ్చు, అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో, చేను కాడ ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ చీకటి పడకముందే వేరేవాళ్ల ఇంటికి చేర్చి తాళం వేయించండి. ఆయనను ఒక్కడినే వదలొద్దు, రాత్రి పక్కనే మంచం వేసుకుని పడుకోండి.