టేకుకు తెగులు కాదు, బదనిక పట్టింది: పిచికారీ ఆపి రంపం పట్టండి

ప్రశ్న: మా పొలం అడవిని ఆనుకుని ఉంటుంది. గట్టు మీద పద్నాలుగేళ్ల టేకు చెట్లు, లోపల మామిడి తోట ఉన్నాయి. రెండేళ్లుగా టేకు పై కొమ్మల్లో చిన్న, మందమైన ఆకులతో గుబురులు వస్తున్నాయి. వాటికి నారింజ రంగు గొట్టం పూలు పూస్తున్నాయి. గుబురు దాటాక కొమ్మ చివర ఎండిపోతోంది. తెగులు తగిలి ఆకు రూపం మారిందనుకుని, మందుల దుకాణంలో చెప్పినట్టు రెండుసార్లు శిలీంద్రనాశిని, ఒకసారి పురుగుమందు కొట్టాం. బలానికి యూరియా కూడా వేశాం. ఏమీ తగ్గలేదు. ఇప్పుడు కలుపుమందు, అంటే గ్లైఫోసేట్ గానీ 2,4-డి గానీ, కొట్టమంటున్నారు. కాండానికి రంధ్రం చేసి పోస్తే ఇంకా బాగా పనిచేస్తుందట. ఈ మధ్య రెండు మామిడి చెట్లకూ వచ్చింది. ఇది అడవి నుంచి గాలికి వస్తోందా? అడవి చెట్ల మీదవి కూడా తీసేయాలా? కోసినవి మేకలు, గొర్రెలకు వేయవచ్చా? గట్టు మీద శ్రీగంధం నాటాలనుకుంటున్నాం, దానికీ పడుతుందా? ఫోటోలు పంపుతున్నాం.

– ఒక రైతు

జవాబు: కాండానికి రంధ్రం చేసి మందు పోసే ఆలోచన ముందు మానుకోండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీ టేకు ఆకు రూపం మారలేదు, దానికి తెగులూ లేదు. ఫోటోలో ఉన్న గుబురు టేకుది కానే కాదు. టేకు కొమ్మ మీద మొలిచిన వేరే మొక్క అది, పేరు బదనిక. శాస్త్రీయ నామం డెండ్రోఫ్తే ఫాల్కేటా, పాత పుస్తకాల్లో లోరాంథస్ అని కనిపిస్తుంది. టేకు పూత చిన్న చిన్న తెల్లటి పూలతో గుత్తులుగా ఉంటుంది కదా, నారింజ రంగు గొట్టం పూలు దానికి ఎక్కడి నుంచి వస్తాయి? అక్కడే అనుమానం రావాల్సింది. మీకు రాలేదంటే అర్థం చేసుకోగలను, మందు అమ్మినవారికీ రాలేదంటే మాత్రం ఒప్పుకోలేను. మొక్కను మొక్కగా గుర్తుపట్టలేనివారు శిలీంద్రం పేరు చెప్పి రెండు డబ్బాలు అంటగట్టారు.

మీరు పంపిన రెండో ఫోటోను పెద్దది చేసి చూడండి. గుబురు మొదట్లో కొమ్మ ఉబ్బి బొడిపె కట్టింది. ఆ బొడిపె దగ్గర నుంచి పెన్సిల్ మందం వేరు ఒకటి బెరడు మీదుగా పాకి, జానెడు దూరంలో మళ్లీ కొమ్మలోకి దిగింది. దిగినచోట రెండు లేత ఆకులు పైకి వస్తున్నాయి. మీరు చేయాల్సిన పనంతా ఆ ఫోటోలోనే ఉంది. బయటికి కనిపించే గుబురును విరిచేస్తే సరిపోదు, లోపల దిగిన చూషక వేరు, అంటే చెట్టు నుంచి నీరు పీల్చే వేరు, నుంచి మళ్లీ చిగురిస్తుంది. మొదటి బొడిపె దగ్గర కోసినా చాలదు, పాకిన వేరు ఇంకోచోట దిగి కూర్చుంది.

బదనిక ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి పిండిపదార్థం చాలావరకు తానే తయారు చేసుకుంటుంది. చెట్టు నుంచి గుంజేది ముఖ్యంగా నీరు, లవణాలు. దాని చూషక వేరు బెరడును చీల్చుకుని కలపలో నీరు ప్రవహించే గొట్టాలకు అతుక్కుంటుంది. ఎండ ముదిరినప్పుడు టేకు, మామిడి ఆకు రంధ్రాలు మూసుకుని నీటిని పొదుపు చేస్తాయి. బదనిక అంత త్వరగా మూయదు. దాని ఆకు నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, కొమ్మలోని నీరు అటే పోతుంది. గుబురు అవతలి భాగానికి నీరు అందదు, అందుకే మీ కొమ్మ చివర ఎండుతోంది. యూరియా సంగతీ ఇంతే. చెట్టుకు వేసిన నత్రజనిలో వాటా అదే దారిన బదనికకూ చేరుతుంది. మీరు వేసిన ఎరువుతో అదే ముందు పచ్చబడి ఉంటుంది.

శిలీంద్రనాశిని ఎందుకు పనిచేయలేదో వేరే చెప్పక్కర్లేదు, అక్కడ శిలీంద్రమే లేదు. పురుగుమందు అంతకంటే పెద్ద తప్పు. తెల్లటి రెక్కల అడుగున పసుపు రంగు, అంచున ఎర్రటి మచ్చలు ఉండే సీతాకోకచిలుక ఒకటి ఉంది, డీలియస్ యూకారిస్ అంటారు. అది గుడ్లు పెట్టేది బదనిక ఆకుల మీదే, దాని గొంగళిపురుగులు గుంపుగా చేరి ఆ ఆకులనే తింటాయి. వాటివల్ల బదనిక చావదు, అయినా మీ తరఫున ఊరికే పనిచేస్తున్న జీవులవి. పిచికారీ చేసి వాటినే చంపుకున్నారు. అవసరం లేని పిచికారీ మందు ఖర్చుతో పోతుందని చాలామంది అనుకుంటారు. ఇలాంటి నష్టాలు ఎవరి లెక్కలోకీ రావు.

ఇక గ్లైఫోసేట్, 2,4-డి. రెండూ వద్దు. పైనుంచి కొడితే బదనిక ఆకు మీద పడినట్టే టేకు ఆకు మీదా, మామిడి ఆకు మీదా పడతాయి. 2,4-డి వెడల్పాకు మొక్కలను చంపే మందు, మామిడి కూడా వెడల్పాకు చెట్టే. అందులోనూ ఈస్టర్ రూపంలో ఉన్నదైతే ఆవిరై పక్క పొలం దాకా పోతుంది. కాండంలో పోస్తే మందు ముందు చెట్టు కలపలోకి వెళ్లి, అక్కడి నుంచి చెట్టు ఆకులకూ బదనికకూ కలిసే చేరుతుంది. బదనికను చంపి చెట్టును వదిలేసే మోతాదును మీరు గట్టు మీద నిలబడి కొలవలేరు. పొరపాటున కాస్త ఎక్కువైతే పద్నాలుగేళ్ల చెట్టు పోతుంది. మామిడిలో అయితే కాయలో మందు అవశేషం ఒకటి అదనం. సబ్బు నీటిలో డీజిల్ కలిపి కొట్టమని కూడా కొందరు చెబుతారు. దానితో ఆకు మాడుతుంది, లోపలి వేరు మిగిలిపోతుంది, చెట్టు బెరడూ దెబ్బతింటుంది. నేను సిఫారసు చేయను.

చేయాల్సింది కోయడమే. ఎప్పుడు, ఎంత దూరంలో అనేవి తప్పకుండా పాటించండి.

టేకు ఆకు రాల్చి మోడుగా ఉన్న రోజుల్లో ప్రతి చెట్టునూ కింద నుంచి చూడండి. పచ్చగా కనిపించేదంతా బదనికే, వెతకాల్సిన పనే ఉండదు. అప్పుడే కోయండి. మామిడికి కాయ కోత పూర్తయిన వారం పది రోజుల్లో, మామూలు కొమ్మ కత్తిరింపులతో పాటే చేయండి. ఈలోగా ఏ చెట్టు మీదనైనా బదనిక పూత కనిపిస్తే, పండు పండకముందే కనీసం ఆ గుబురును విరిచి పారేయండి. అది వైద్యం కాదు గానీ, ఆ ఏడాది విత్తనం ఆగుతుంది.

కొమ్మ మీద ఉంటే మొదలుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న చూషక వేరు ఎక్కడ దిగిందో చూసుకుని, అక్కడి నుంచి మొదలు వైపు 30 సెంటీమీటర్లు వదిలి రంపంతో కోయండి. గొడ్డలి వద్దు, కొమ్మ చీలుతుంది. లావు కొమ్మలకు ముందు అడుగు వైపు మూడో వంతు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు ఊడిరాదు. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరు నీటిలో విడిగా కలిపి, ప్లాస్టిక్ బకెట్‌లో రెండూ కలపండి. ఇనుప పాత్ర వాడకండి. కలిపిన రోజే వాడేయండి. ఇది బదనికకు మందు కాదు, కోసిన గాయంలో కుళ్లు చేరకుండా ఉండటానికి మాత్రమే.

ఒక చెట్టు కొమ్మల్లో నాలుగో వంతుకు మించి ఒకే ఏడాది తీయకండి. అంతకంటే ఎక్కువ పట్టి ఉంటే పండు కాసేవి, పై కొమ్మల్లో ఉన్నవి ముందు తీసి, మిగతావి వచ్చే ఏడాదికి ఉంచండి. పిట్టలు పై కొమ్మల మీద వాలతాయి, అక్కడి నుంచి విత్తనం కింది కొమ్మలకు రాలుతుంది.

ప్రధాన కాండం మీదో, కోయలేనంత లావు కొమ్మ మీదో ఉంటే గుబురును బెరడుకు సమంగా చెక్కేయండి, కలపలోకి తవ్వకండి. ఆ చోట నల్లటి మందపాటి పాలిథిన్ షీటు రెండు మూడు చుట్లు చుట్టి, సాగే తాడుతో కట్టండి. వెలుతురు తగలకపోతే లోపలి వేరు చిగురించలేక క్రమంగా చస్తుంది. రెండేళ్లు పట్టవచ్చు. మధ్యలో షీటు చినిగితే మళ్లీ చుట్టాలి, కాండం లావెక్కుతుంది కాబట్టి తాడు ఏడాదికోసారి వదులు చేయాలి. రంపం వల్ల ఇంకో చెట్టుకు అంటుకుంటుందన్న భయం వద్దు, ఇది అలా వ్యాపించేది కాదు.

ఎలా వ్యాపిస్తుందంటే, గాలికి కాదు, పిట్టలతో. పండిన బదనిక పండు ఒకటి తెంపి వేళ్ల మధ్య నొక్కి చూడండి. లోపల ఒక్కటే విత్తనం, దాని చుట్టూ సాగే జిగురు. చేయి ఎంత విదిల్చినా ఊడదు, దేనికైనా రాసి వదిలించుకోవాల్సిందే. పిట్టకూ అదే అవస్థ. ఈ పండ్లను ఎక్కువగా తినేది ఎనిమిది సెంటీమీటర్ల పొడవుండే బుల్లి పిట్ట, డైసియం జాతిది. పండు మింగిన కొద్ది నిమిషాల్లోనే విత్తనం బయటికి వచ్చి జిగురుతో వేలాడుతుంది. పిట్ట కొమ్మకు రాసుకుని దాన్ని వదిలించుకుంటుంది, అంటే విత్తనాన్ని సరిగ్గా కావాల్సిన చోటే నాటుతుంది. ఈ విత్తనానికి గట్టి పై పొర ఉండదు, మొలవడానికి మట్టి అక్కర్లేదు, కరెంటు తీగ మీద పడినా మొలకెత్తుతుంది. బతకడానికి మాత్రం చెట్టు కొమ్మ దొరకాలి. మొలక వంగి, కొన బిళ్లలా విచ్చుకుని బెరడుకు కరుచుకుంటుంది, దాని నడుమ నుంచి చూషక వేరు లోపలికి దిగుతుంది. తొలినాళ్లలో పైకి పెద్దగా ఏమీ కనిపించదు. మీకు రెండేళ్ల నుంచి కనిపిస్తోందంటే విత్తనం పడింది అంతకు ముందే.

నేల మీద రాలిన విత్తనం బతకదు కాబట్టి మట్టిలో దీని నిల్వ ఉండదు. ఇది మీకు కలిసొచ్చే సంగతి. పండు పండనివ్వకుండా వరుసగా కొన్నేళ్లు కోస్తే మీ చెట్ల నుంచి మీ చెట్లకే పడే విత్తనం ఆగిపోతుంది. అడవి నుంచి పిట్టలు తెచ్చేది ఎలాగూ కొంత ఉంటుంది, దానికి ఏడాదికోసారి చూసి లేతగా ఉన్నప్పుడే తీసేస్తే చాలు. వేలి మందం రెమ్మ మీద ఉన్నప్పుడు కత్తెరతో అయిపోయే పనిని చేతి మందం కొమ్మ అయ్యేదాకా వదిలేస్తున్నారు. పిట్టలను తరమడం, వల కట్టడం లాంటివి వద్దు.

అడవి చెట్ల జోలికి వెళ్లకండి. అడవిలో బదనిక చీడ కాదు. దాని పూల తేనె తేనెపిట్టలకు, పండ్లు బుల్లి పిట్టలకు, ఆకులు సీతాకోకచిలుకలకు ఆధారం. బదనిక మీదే బతికే ఇంకో పరాన్న మొక్క కూడా ఉంది, విస్కమ్ జాతిది. ఆస్ట్రేలియాలో కొన్ని అడవి ముక్కల నుంచి బదనికలన్నీ తీసేసి చూస్తే మూడేళ్లలో అక్కడ పక్షి జాతులు తగ్గిపోయాయని 2012లో ప్రచురించారు. తోటలో కలప, కాయ ముఖ్యం కాబట్టి కోస్తాం, అడవిలో ఆ లెక్క చెల్లదు. ఆకుల్లేని పసుపు పచ్చని దారాలు చెట్టంతా అల్లుకుని కనిపిస్తే అది వేరే మొక్క, సీతమ్మ పోగునూలు. దాన్ని దీనితో కలపకండి.

శ్రీగంధానికీ బదనిక పడుతుంది. పైగా శ్రీగంధమే ఒక పరాన్న మొక్క, వర్గీకరణలో బదనికకు దగ్గరి బంధువు. కాకపోతే అది కొమ్మల మీద కాక నేలలో పక్క మొక్కల వేళ్లను పట్టుకుని నీరు, లవణాలు తీసుకుంటుంది. ఒంటరిగా నాటితే ఎదగదు. గుంతలోనే తోడుగా కంది, కాస్త దూరంలో శాశ్వత ఆసరాకు సరుగుడు లాంటిది వేయండి. మామిడి వరుసకు మరీ దగ్గరగా నాటకండి.

కోసిన బదనిక ఆకును పశువులు, మేకలు తింటాయి, వేయవచ్చు. పండ్లున్న రెమ్మలను మాత్రం గట్టు మీద వదలకుండా పాతిపెట్టండి, లేకపోతే పిట్టలు ఏరుకుపోతాయి. కానీ మీరు మూడుసార్లు మందు కొట్టారు, ఏ మందు కొట్టారో పేరు కూడా రాయలేదు. డబ్బా మీద పేరు చూసి రాసి పంపండి. అందాకా ఆ చెట్ల నుంచి కోసినది వేటికీ వేయకండి. అది రాగి ఉన్న శిలీంద్రనాశిని అయితే గొర్రెలకు అసలే వేయకూడదు, కొద్దిపాటి రాగిని కూడా అవి తట్టుకోలేవు.